పిస్టల్ బాగానే ఉంది

ఆగస్టు 27, మంగళవారం

డెన్నిస్ మాట విని ఈ నోటుబుక్కు మొదలుపెట్టాను. నలభై ఏళ్ళు ఫ్యాక్టరీలో డైలు, అంటే ఉక్కు అచ్చులు, చెక్కి రిటైరైన మనిషి, మా షూటింగ్ క్లబ్బులో అందరికీ గురువు. "స్కోరు ఒక్కటే రాసుకుంటే లాభం లేదు చక్, కాల్చేటప్పుడు నీ బుర్రలో ఏముందో రాయి" అంటాడు. చక్రధర్ అన్న పేరుని పదేళ్ళుగా సగం కోసి పిలుస్తున్నాడు. పక్కవాళ్ళ పుస్తకాల్లోకి తొంగిచూసే అలవాటు కూడా ఉంది. అందుకని తెలుగులో రాస్తున్నాను. చూసుకోవయ్యా ఇప్పుడు.

సరే, స్కోరు. యాభై అడుగుల దూరం, ఒంటి చెయ్యి, పది షాట్లు. వందకి 88. నిరుడు ఇదే వారం 94 వచ్చింది.

కారణం తెలుస్తూనే ఉంది. పిస్టల్ పాతబడింది. తొమ్మిదేళ్ళు వాడాను, ఏ వస్తువైనా ఎన్నాళ్ళని పనిచేస్తుంది. క్లబ్బు లీగ్ పోటీలు వచ్చే నెల పదో తారీకున మొదలు. ఈలోగా కొత్తది కొనాలి.

ఈ పెన్ను కూడా దిక్కుమాలింది. అక్షరాలు ఎగుడుదిగుడుగా పడుతున్నాయి.


ఆగస్టు 31, శనివారం

ఏం కొనాలో తోచడం లేదు. షాపులో మూడు పిస్టళ్ళు గాజుబల్ల మీద పెట్టించుకుని గంటన్నర నిలబడ్డాను. అమెరికాది మొత్తం ఉక్కు, చేతికి బరువుగా, నిండుగా ఉంది. జర్మనీదానికి పిడిని మన వేళ్ళకి తగ్గట్టు అటూ ఇటూ జరుపుకోవచ్చు. ఇటలీదానికి గొట్టం చేతికి బాగా దగ్గరగా, కిందకి ఉంటుంది, పేలినప్పుడు పైకి ఎగరదు.

షాపతను బరువైనదే నిలకడగా ఉంటుందన్నాడు. పక్కనున్న పెద్దాయన బరువుకి చెయ్యి అలిసిపోయి వణుకుతుందన్నాడు. ఆ మాట నాకు నచ్చింది. నా పాత పిస్టల్ బరువే. అంటే అలసట అన్నమాట.

కారు సీట్ల ఫ్రేములు చేసే కంపెనీలో కొలతల విభాగం మొత్తం చూసుకునేది నేనే. మిల్లీమీటర్లో పదో వంతు తేడా వస్తే లైను ఆపిస్తాను. అలాంటివాణ్ణి ఒక్క పిస్టల్ ఎంచుకోలేక, పదకొండు కాలమ్‌లతో షీటు వేసుకుని కూర్చున్నాను. మూడింటికీ ఒకే మార్కులొచ్చాయి.

రేణుకి ఈ మధ్య కాఫీ దగ్గర కొత్త పద్ధతి పట్టుకుంది. అరకప్పు ఇస్తుంది. అది తాగాక ఇంకో అరకప్పు. ఇదేమిటంటే "వేడివేడిగా ఉంటుంది కదండీ" అంటుంది. ఇరవై ఎనిమిదేళ్ళ కాపురంలో నా కాఫీ చల్లారిపోతోందని ఇప్పుడు కనిపెట్టింది.


సెప్టెంబర్ 5, గురువారం

ఇటలీది తెచ్చాను. ఇంకేం ఆలోచించదలచుకోలేదు.


సెప్టెంబర్ 10, మంగళవారం

లీగ్ మొదటి రోజు. 85.

పాతదానితో 88, కొత్తదానితో 85. ఇదెలా సాధ్యం? తిన్నగా వెళ్ళాల్సిన గుండు ఒకసారి ఎడమకి, ఒకసారి కుడికి, ఒకసారి కిందకి పోతోంది. ఒకే వైపు పోతే గురి చూసే సైటు తిప్పి సరిచెయ్యొచ్చు. నాలుగు దిక్కులకీ పోతే ఏం తిప్పాలి?

డెన్నిస్ పిడిని చూసి, ఇది ఎవరి చెయ్యో, నీది కాదన్నాడు. నిజమే, ఇటలీవాడెవడికో సరిపోయే పిడి. నా చేతికి తగినట్టు వాల్‌నట్ కలపతో చెక్కి ఇస్తానన్నాడు. కాగితం మీద నా కుడిచెయ్యి ఆన్చి చుట్టూ పెన్సిలుతో గీశాడు. గీత సరిగ్గా రాలేదు, రెండోసారి గీశాడు. "చెయ్యి వదులుగా పెట్టు చక్" అన్నాడు. వదులుగానే పెట్టాను. మూడోసారి తనే నా మణికట్టు మీద ఎడమచెయ్యి వేసి అదిమి పట్టుకుని గీశాడు. బల్ల కదులుతోందనుకుంటాను, ఆ బల్ల ఎప్పుడూ అంతే.


సెప్టెంబర్ 14, శనివారం

మా అమ్మాయి అదితి సన్నీవేల్ నుంచి వీడియో కాల్ చేసింది. కొత్త పిస్టల్ సంగతి చెబితే మొహం ముడుచుకుంది. దానికి ఇది మొదటి నుంచీ ఇష్టం లేదు. ఎవడైనా తుపాకీతో వస్తే ఎలాగని స్కూల్లో లైట్లు ఆర్పేసి బెంచీల కింద దాక్కోవడం ప్రాక్టీసు చేస్తూ పెరిగిన పిల్లలు. నేను కాగితాన్ని తప్ప దేన్నీ కాల్చనని ఎన్నిసార్లు చెప్పినా బేస్‌మెంట్‌లో పిస్టల్ దాచే సేఫ్ ఉన్న గదిలోకి రాదు. దాన్ని తప్పు పట్టను.

మాట మార్చేసి, "నాన్నా, ఫోన్ ఎక్కడన్నా పెట్టు. షేక్ అవుతా ఉంది. నాకు హెడేక్ వస్తుంది" అంది.

ఫోన్ స్టాండు ఆర్డర్ చేశాను. ఇప్పటి ఫోన్లు మరీ పలచగా చేస్తున్నారు, పట్టు చిక్కదు.


సెప్టెంబర్ 24, మంగళవారం

వాల్‌నట్ పిడి వచ్చింది. అద్భుతం. చెయ్యి పెట్టగానే వేళ్ళు వాటి చోట్లలోకి వాటంతటవే వెళ్ళి కూర్చున్నాయి. బొటనవేలి కింద కాస్త వదులుంటే డెన్నిస్ అక్కడే పుట్టీ పెట్టి, నన్ను పట్టుకోమని, ఆరాక గరుకు కాగితంతో రుద్దాడు. ట్రిగ్గర్ బరువు కూడా చూశాం, రూల్ ప్రకారం ట్రిగ్గర్‌కి తగిలించిన రెండు పౌన్ల బరువు అది కదలకుండా పైకి లేవాలి, లేచింది.

83.


సెప్టెంబర్ 28, శనివారం

గొట్టం చివర చిన్న ఇత్తడి బరువు బిగించాను. బరువుంటే నిలుస్తుంది. అలసట సంగతి ఆ పెద్దాయన తెలియక చెప్పాడు.


అక్టోబర్ 1, మంగళవారం

84. చూశారా, బరువు పనిచేస్తోంది.


అక్టోబర్ 5, శనివారం

క్లబ్బులో కుర్రకారంతా రెడ్ డాట్ వాడుతున్నారు. పిస్టల్ మీద చిన్న గాజుపలక, అందులో ఎర్రటి చుక్క, ఆ చుక్క ఎక్కడుంటే గుండు అక్కడికి వెళ్తుంది. నా కళ్ళు కూడా యాభై ఏడేళ్ళవి, ముందు సైటు మసకగా కనిపిస్తోంది. అసలు తేడా కళ్ళలోనే ఉందని నాకిన్నాళ్ళూ తట్టలేదు! కొని బిగించాను.

మధ్యాహ్నం రేంజికి వెళ్ళి పట్టుకుని చూశాను. చుక్క ఆగదు. నల్లటి వృత్తంలో పైకీ కిందకీ, మళ్ళీ పైకీ, ఒకటే లయలో కొట్టుకుంటోంది. ఊపిరి బిగబట్టాను, ఆగలేదు. పిస్టల్ కిందకి దించి, మళ్ళీ ఎత్తాను. ఆగలేదు.

బిగించిన మరలు వదులై ఉంటాయి.


అక్టోబర్ 6, ఆదివారం

మరలు గట్టిగానే ఉన్నాయి.

రెడ్ డాట్ తీసేశాను. పాత ఇనప సైట్లే మేలు. అందులో అంత కనిపించదు.


అక్టోబర్ 12, శనివారం. విజయదశమి

ఈ రోజు జరిగింది రాయాలి, లేకపోతే నాకు పిచ్చెక్కుతుంది.

రేణు పొద్దున్నే పీట వేసి ఆయుధ పూజకి అన్నీ సర్దింది. నా కొలతల కాలిపర్, తన కుట్టుమిషను, కారు తాళాలు, అదితి పాత లాప్‌టాప్. "మీ పిస్టల్ పెట్టరా? ఇంట్లో అసలు ఆయుధం అదొక్కటే కదా" అంది. మాటలో న్యాయం ఉంది. సేఫ్‌లోంచి తీసి, గుండ్లు లేవని రెండుసార్లు చూసి, తెచ్చి పీట మీద పెట్టాను.

మా అత్తగారు ఉమామహేశ్వరిగారు జూలైలో రాజమండ్రి నుంచి వచ్చారు. ఆరు నెలల విజిటర్ వీసా. ఆవిడకి ముందే చెప్పాను, "మీరు విజిటర్ వీసా మీద ఉన్నారు, చట్టం ప్రకారం పిస్టల్ ముట్టుకోకూడదు. పక్కన ఒక పువ్వు పెట్టండి చాలు" అని. "అలాగే బాబూ" అన్నారు. నేను కారు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టడానికి గరాజ్‌లోకి వెళ్ళాను. నాలుగు టైర్లు, నాలుగు నిమిషాలు.

తిరిగొచ్చేసరికి ఇటలీ పిస్టల్ పెళ్ళికూతురై కూర్చుంది. వాల్‌నట్ పిడికి తడిపసుపు. గొట్టానికి గంధం. మూడుచోట్ల కుంకుమ బొట్లు, ఒకటి సరిగ్గా ట్రిగ్గర్ దగ్గర. ఖాళీ తూటా బయటకొచ్చే కంతలో బంతిపూరేకు.

"అత్తయ్యగారూ! ముట్టుకోవద్దన్నానా!"

"ముట్టుకోలేదు బాబూ. బొట్టు పెట్టానంతే."

"అందులో మిల్లీమీటర్లో వందో వంతు ఖాళీలుంటాయండీ! పసుపు లోపలికి పోతే ఏమవుతుందో తెలుసా?"

"అమ్మవారి పసుపు. ఏమీ కాదు" అని, నేనింకా అరుస్తూండగానే నా కుడిచెయ్యి పట్టుకున్నారు. మణికట్టుకి పసుపు రాసి, దాని మీద కుంకుమ బొట్టు పెట్టారు. "ఇదీ పనిముట్టేగా" అన్నారు. ఆ చేతిని రెండు చేతుల మధ్య పెట్టుకుని కాసేపు వదల్లేదు. కళ్ళు మూసుకుని ఏదో అనుకున్నారు. నేను ట్రిగ్గర్ గురించే మాట్లాడుతున్నాను. రేణు నేలకేసి చూస్తూ ఉంది.

ఛాదస్తం. ఇదంతా ఎలా శుభ్రం చెయ్యాలి?


అక్టోబర్ 15, మంగళవారం

తడిగుడ్డతో పైపైన తుడిచి తీసుకెళ్ళాను. రేంజి ఆఫీసరు పిడి మీది పసుపు మరకలు చూసి తుప్పా అనడిగాడు. కలపకి తుప్పేమిటయ్యా? ట్రిగ్గర్ దగ్గర ఎరుపు చూసి వేలు తెగిందా అన్నాడు. పండగని చెప్పాను. ఏ పండగకి పిస్టల్‌కి రంగు పూస్తారో అతనికి అర్థమయ్యేలా చెప్పడం నా వల్ల కాలేదు.

79. రెండుసార్లు తూటా ఇరుక్కుపోయింది కూడా.

చాలా రోజుల తర్వాత మనసు తేలికగా ఉంది. కారణం దొరికింది. పసుపు! ఇంటికొస్తూ కార్లో పాటలు పెట్టుకున్నాను.


అక్టోబర్ 19, శనివారం

పిస్టల్ మొత్తం విప్పి బల్ల మీద పరిచాను. దూది పుల్లలు, బ్రష్షు, నూనె. ప్రతి కంతలోంచీ పసుపు వస్తోంది. స్ప్రింగు చుట్టల్లో కుంకుమ. మూడు గంటలు పట్టింది. చిన్న మర ఒకటి చేతిలోంచి నాలుగుసార్లు కిందపడింది, నూనె చెయ్యి కదా.

బ్రష్షు కడుగుతూ ఉంటే నాన్న గుర్తొచ్చాడు. తునిలో బోర్డులు రాసేవాడు. 'గోపాల్ ఆర్ట్స్' అని బోర్డుకి కుడివైపు మూలన చిన్న సంతకం. కిళ్ళీ కొట్టు నుంచి కాలేజీ గేటు దాకా ఊరంతా ఆయన అక్షరాలే. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా కుంచెలు మార్చడం మొదలుపెట్టాడు. ఉడుత వెంట్రుకల కుంచె బాగోలేదని కాకినాడ నుంచి వేరేది తెచ్చాడు. అదీ బాగోలేదని మద్రాసు వెళ్ళి తెచ్చాడు. "వెంట్రుక నిలవట్లేదురా" అనేవాడు.

ఎందుకు రాస్తున్నాను ఇదంతా. పిస్టల్ అద్దంలా ఉంది ఇప్పుడు.


అక్టోబర్ 22, మంగళవారం

ఒక్కసారి కూడా ఇరుక్కోలేదు. పసుపు లేదు.

80.


అక్టోబర్ 29, మంగళవారం

78.


నవంబర్ 6, బుధవారం

ఆఫీసులో లంచ్ దగ్గర కౌస్తుభ్‌తో నోరు జారాను. నా కింద పనిచేసే కుర్రాడు, వరంగల్. తెలివైనవాడు. పిస్టల్ కథంతా విని, డబ్బా మూత పెడుతూ అడిగాడు.

"సర్, పిస్టల్ మార్చిండ్రు. పిడి మార్చిండ్రు. సైట్ మార్చి మళ్ళ తీసేసిండ్రు. మరి ఆర్ అండ్ ఆర్ చేసిండ్రా?"

ఆర్ అండ్ ఆర్ అంటే మా విభాగంలో రోజూ చేసే పని. ఒక గేజీ రోజుకో కొలత చూపిస్తుంటే వెంటనే గేజీని తిట్టకూడదు. ముగ్గురు మనుషుల్ని పిలిచి, అవే పది ముక్కల్ని తలా రెండుసార్లు కొలిపించాలి. తేడా పరికరంలో ఉందా, పట్టుకున్న మనిషిలో ఉందా అప్పుడు తేలిపోతుంది. ఉద్యోగంలో చేరిన మొదటి వారం నేనే వాడికి నేర్పాను. "ముందు పరికరాన్ని అనుమానించేవాడు ఇంజనీర్ కాడు" అని కూడా అన్నట్టున్నాను.

"అది ఆట కౌస్తుభ్, గేజీ కాదు" అన్నాను. గొంతు పెద్దదైంది. పక్క టేబుల్ వాళ్ళు చూశారు.

"సారీ సర్, ఊకెనే అడిగిన" అన్నాడు వాడు.


నవంబర్ 10, ఆదివారం

మా స్నేహితుడు జగదీష్ వాళ్ళింట్లో సత్యనారాయణ వ్రతం. భోజనాలయ్యాక వాళ్ళావిడ నీహారిక స్టీలు గ్లాసులో కాఫీ ఇచ్చింది, అంచుదాకా. అందుకున్నాను. సోఫా దాకా నాలుగడుగులు. పంచె మీద, చేతి మీద, వాళ్ళ తెల్లటి కార్పెట్ మీద. గ్లాసులో సగం మిగిలింది.

"పర్లేదన్నయ్యా, పర్లేదు" అంటూ నీహారిక గుడ్డ కోసం పరిగెత్తింది. కాఫీ అంత నిండుగా ఎవరైనా పోస్తారా అని మనసులో తిట్టుకున్నాను.

ఇంటికొచ్చి కూర్చున్నాక తట్టింది. మా ఇంట్లో నా కాఫీ ఎన్నడూ ఒలకలేదు. ఈ నోటుబుక్కు తిరగేశాను. ఆగస్టు 31.

అమ్మ నాన్నకి అరగ్లాసు కాఫీ ఇచ్చేది. అది తాగాక ఇంకో అరగ్లాసు. నాకు, చెల్లికి మాత్రం నిండు గ్లాసులు. ఎందుకమ్మా అనడిగితే, "మీ నాన్నకి వేడిగా ఉండాలి" అనేది.

ఇంక రాయలేను.


నవంబర్ 12, మంగళవారం

లీగ్‌కి వెళ్ళలేదు.


నవంబర్ 14, గురువారం

నాన్నని ఏ డాక్టరుకీ చూపించలేదు. కుంచెల కోసం మద్రాసు దాకా వెళ్ళిన మనిషి, బస్సులో గంటన్నర ప్రయాణం, కాకినాడ పెద్దాసుపత్రికి వెళ్ళలేదు. ఆయన వెళ్ళనన్నాడో, మేమే అడగలేదో గుర్తు లేదు. చివరి బోర్డు మా వీధి చివర మంగలిషాపుది. అందులో సున్నాలు గుండ్రంగా రాలేదని నేను స్నేహితుల ముందు నవ్వాను. ఆయన విన్నాడు. ఆ తర్వాత పదకొండేళ్ళు బతికాడు, ఒక్క అక్షరం రాయలేదు. అన్నం అమ్మే కలిపి పెట్టేది.

నాకు భయంగా ఉంది. ఇది రాయడానికి మూడు నెలలు పట్టింది.

కానీ ఇప్పటికీ పిడి బొటనవేలి దగ్గర కాస్త వదులుందేమో అనిపిస్తోంది. నాకే అర్థం కావడం లేదు, నేను దేన్ని నమ్ముతున్నానో.


నవంబర్ 23, శనివారం

చేశాను. కౌస్తుభ్ అన్న ఆర్ అండ్ ఆర్, పద్ధతి ప్రకారం. ఒకటే పిస్టల్, ఒకటే డబ్బాలోని తూటాలు, ముగ్గురు మనుషులు, పది షాట్లు, తలా రెండుసార్లు. నేను, డెన్నిస్, రేణు.

రేణు ఇంతవరకూ దాన్ని పట్టుకోలేదు. "నాకెందుకండీ అవన్నీ" అంటుందనుకున్నాను. అడగ్గానే "ఎన్నింటికి బయల్దేరాలి?" అంది. చెవులకి పెద్ద మఫ్‌లు, కళ్ళద్దాల మీద కళ్ళద్దాలు, చుడీదార్ మీద శీతాకాలం కోటు. డెన్నిస్ ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, బల్ల మీద ఇసకమూట పెట్టి, దాని మీద చేతులు ఆన్చి రెండు చేతులతో కాల్చమన్నాడు. మొదటిసారి పట్టుకున్న మనిషి కదా. మొదటి షాటుకి "అమ్మో" అంది. మిగతా తొమ్మిదీ వరసగా కాల్చేసింది.

కాగితం దగ్గరకి లాగి చూస్తే పదికి పది పావలా బిళ్ళంత చోటులో ఉన్నాయి. రెండోసారీ అంతే.

డెన్నిస్ నిలబడి, ఒంటి చేత్తో, నా చేతికి చెక్కిన పిడితో: 94, 95. ఆయనకి డెబ్బై నాలుగేళ్ళు.

తర్వాత నేను. 77. 76.

మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశాం. ఇలాంటి లెక్కలు ముప్ఫై ఏళ్ళుగా చదువుతున్నాను, కాలిక్యులేటర్ అక్కర్లేదు. డెన్నిస్ చాలాసేపు నా కాగితాన్నే చూసి, నా భుజం మీద చెయ్యేసి, "మంచి పిస్టల్ కొన్నావు చక్" అన్నాడు. ఆ మంచితనానికి నాకు ఏడుపొచ్చింది.

రేణే డ్రైవ్ చేసింది. ట్వెల్వ్ మైల్ రోడ్డు మీద సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అడిగాను.

"నీకెప్పటి నుంచి తెలుసు?"

"ఉగాది నుంచి. పచ్చడి గిన్నె అందిస్తుంటే చూశాను."

"మరి చెప్పలేదేం?"

"చెబుదామనే అనుకున్నానండీ. మీరు పిస్టల్ సంగతి అన్నారు. సరే, కొత్తది కొన్నాక మీకే తెలుస్తుంది, అప్పుడు మాట్లాడదామనుకున్నా. తర్వాత పిడి అన్నారు. పిడి వచ్చాక చెబుదామనుకున్నా. తర్వాత ఆ ఎర్ర చుక్కేదో..." ఆగింది. "మీరు ఒక్కో సామానూ ఎంత ఆశగా బిగించుకునేవారో. ఎలా చెప్పను?"

ఆకుపచ్చ లైటు పడింది. వెనకాలవాడు హారన్ కొట్టాడు.

"జనవరి తొమ్మిదికి న్యూరాలజిస్ట్ అపాయింట్‌మెంట్ ఉంది" అంది కారు కదిలిస్తూ. "కొత్త పేషెంట్లకి నాలుగు నెలలు వెయిటింగ్. సెప్టెంబర్‌లోనే బుక్ చేశాను. మీరు రానంటే క్యాన్సిల్ చేద్దామని."

ఇంటికెళ్ళేసరికి అత్తగారు సోఫాలో వత్తులు చేసుకుంటున్నారు. ఎదురుగా కూర్చుని, "ఆ రోజు నా చేతికి బొట్టు ఎందుకు పెట్టారు?" అనడిగాను.

ఆవిడ కూతురికేసి చూసి, నాకేసి చూసి, మళ్ళీ వత్తి నలపడంలో పడ్డారు. "పిస్టల్‌కి నేనెందుకు దణ్ణం పెడతాను బాబూ? అదేమైపోతే నాకేం" అన్నారు.

నేను ఆవిడ మీద అరిచాను ఆ రోజు. ట్రిగ్గర్ గురించి.


డిసెంబర్ 3, మంగళవారం

లీగ్‌కి వెళ్ళాను, కాల్చలేదు. మిగతావాళ్ళ టార్గెట్లకి స్కోరు చూసి రాసిపెట్టాను. ఎందుకు కాల్చడం లేదని ఎవరూ అడగలేదు. అంటే వీళ్ళందరికీ కూడా తెలుసన్నమాట. తెలియనిది నాకొక్కడికే.


డిసెంబర్ 17, మంగళవారం

రేణు వచ్చింది నాతో. ఇసకమూట తీసేసి నిలబడి కాల్చింది. 61. "ఈ పిడి నా చేతికి సరిపోవట్లేదండీ" అంది. డెన్నిస్, నేను ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని పగలబడి నవ్వాం. పాపం ఆవిడ అన్నది నిజమే, అది నా చేతికి చెక్కింది.


డిసెంబర్ 29, ఆదివారం

అదితి వచ్చి వెళ్ళింది. రేణు ముందే చెప్పినట్టుంది. వెళ్ళేముందు బేస్‌మెంట్‌లోకి వచ్చి, సేఫ్ ఉన్న గది గుమ్మంలో నిలబడి, "నాన్నా, అపాయింట్‌మెంట్‌కి వెళ్తావు కదా? ప్రామిస్ చెయ్యి" అంది. చేశాను. లోపలికి మాత్రం రాలేదు.

పదకొండు రోజులు. ఏమని చెబుతారో తెలియదు. ఏమని చెప్పాలని కోరుకోవాలో కూడా తెలియడం లేదు.


జనవరి 9, గురువారం

రాత్రంతా మంచు పడింది. పొద్దున్న రేణే తవ్వింది, నన్ను పార ముట్టుకోనివ్వలేదు.

డాక్టరు చిన్నమ్మాయి, అదితి కంటే ఏడెనిమిదేళ్ళు పెద్దదై ఉంటుంది. చేతులు చాచమంది. నా వేలితో ఒకసారి తన వేలిని, ఒకసారి నా ముక్కుని ముట్టుకోమంది. వరండాలో నడిపించింది. ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా అంది.

"మా నాన్నకి."

ఈ మాట పైకి అనడం ఇదే మొదలు. రేణు నావైపు తిరిగింది.

"ఆయనకి ఏమని డయాగ్నోజ్ చేశారు?"

కుంచెలు బాగోలేవని చేశారు. పైకి మాత్రం, డాక్టరుకి చూపించలేదని చెప్పాను.

తర్వాత కాగితం, పెన్ను ఇచ్చి చుట్టలు చుట్టలుగా ఒక గీత గీయమంది. గీశాను. బోర్డులు రాసేవాడి కొడుకుని. మంగలిషాపు సున్నాలు గుర్తొచ్చాయి. గీస్తున్నంతసేపూ ఆయన పక్కనే నిలబడి ఉన్నట్టనిపించింది, నవ్వకుండా.

"ఇప్పుడు ఒక వాక్యం రాయండి. మీకు బాగా అలవాటున్న భాషలో, ఏదైనా సరే" అంది.

రాశాను. అక్షరాలు వంకరగా వచ్చాయి, ఈ నోటుబుక్కులో ఉన్నట్టే. పెన్నుని ఏమీ అనలేదు.

"అందంగా ఉంది. ఏమని రాశారు?"

చెప్పాను. 'పిస్టల్ బాగానే ఉంది.'

ఆ అమ్మాయి మొహంలో నవ్వు ఆగిపోయింది. కుర్చీ ఒక అంగుళం వెనక్కి జరిగింది. రేణు "నో నో, డాక్టర్, టార్గెట్ షూటింగ్, పేపర్ టార్గెట్స్" అని చేతులు ఊపుతూ చెప్పడం మొదలుపెట్టింది. పసుపు నుంచి ఇసకమూట దాకా అంతా చెప్పింది. చెబుతూ చెబుతూ నవ్వింది, నవ్వుతూ ఏడ్చింది. డాక్టరు టిష్యూ డబ్బా జరిపింది.

రెండింటిలో ఏదో ఒకటి అయ్యుండొచ్చట. ఒకటి కుటుంబాల్లో వచ్చే వణుకు, మందుతో కొంత తగ్గుతుంది. రెండోది పార్కిన్సన్స్. ఫిబ్రవరిలో స్కాన్ తీస్తే తేలుతుంది. నాన్నది ఏదో ఇంక ఎప్పటికీ తేలదు.

ఇంటికొచ్చేసరికి అత్తగారు ఎదురొచ్చి నా కోటు అందుకున్నారు. పాలు పొయ్యి మీద పెట్టారు. రేణు డికాషన్ తీసింది. కప్పు నా ముందు పెడితే చూశాను, అంచుదాకా ఉంది.

"నిండుగా పోశావే."

"ఇంకెవరి దగ్గర దాచాలండీ" అంది.

పదేళ్ళుగా ఒంటి చేత్తో కాల్చినవాణ్ణి. కప్పుని రెండు చేతులతో పట్టుకుని తాగాను. కొంచెం ఒలికింది. వేడిగా ఉంది.